సూపర్‌మార్కెట్ పక్కన సీటీ స్కాన్

ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలామందిలో ముదిరాకే బయటపడుతుంది. పొగ తాగేవాళ్లకు ఏటా తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్ తీస్తే దాన్ని ముందే పట్టుకోవచ్చని అమెరికాలో 53 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన 2011లో తేల్చింది. ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లతో పోలిస్తే, స్కాన్ తీయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. కానీ జబ్బు బరువు ఎక్కువగా మోసేది పేదలు, పరీక్షకు ముందుగా వచ్చేది తీరికా చదువూ ఉన్నవాళ్లు. అందుకే స్కానర్‌ను ఎక్కడ పెట్టాలన్నది కూడా వైద్యంలో భాగమేనని నేనంటాను.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ 2016లో ఆ పని చేసి చూపింది. నగరంలోని పేద పేటల్లో, సూపర్‌మార్కెట్ల పార్కింగ్ స్థలాల్లో, స్కానర్ బిగించిన పెద్ద వాహనాన్ని నిలిపారు. ముందు నర్సు కూర్చోబెట్టి ఎన్నేళ్లుగా పొగ తాగుతున్నారో అడిగేది, గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం చూసేది. ముప్పు ఎక్కువని లెక్క తేలితే అక్కడే, అప్పుడే స్కాన్. ఆసుపత్రికి రెండు బస్సులు మారి, ఒక రోజు కూలి పోగొట్టుకునే బాధ తప్పింది. తొలి విడతలో స్కాన్ అయిన 1,384 మందిలో 42 మందికి క్యాన్సర్ బయటపడింది, వాటిలో సుమారు 80 శాతం తొలి దశలవే. పేదలకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదనే మాటకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు.

అభ్యంతరాలు లేకపోలేదు. ఆ అమెరికా పరిశోధనలో అనుమానం కలిగించిన స్కాన్లలో నూటికి 96 క్యాన్సర్ కానివే. అనవసరంగా భయపెట్టడం చిన్న తప్పేమీ కాదు. అయితే నెదర్లాండ్స్, బెల్జియంలలో జరిగిన పరిశోధనలో చిన్న గడ్డ కనిపించగానే కంగారుపడకుండా, కొన్ని నెలలాగి మళ్లీ స్కాన్ తీసి, పెరిగిందా లేదా కొలిచారు. ఆ పద్ధతి అనవసరపు పరుగులను బాగా తగ్గించింది. ఆ డబ్బు పొగ మాన్పించడానికి పెడితే మేలు కదా అనేది మరో ప్రశ్న. పొగ మానడమే అన్నిటికన్నా మేలు, నిజమే. కానీ ముప్ఫై ఏళ్లు తాగి మానేసిన మనిషికి ముప్పు ఆ రోజుతో తీరిపోదు. పైగా పొగ మానమని చెప్పడానికి స్కాన్‌కు వచ్చిన రోజుకన్నా మంచి సమయం ఏముంటుంది?

మన తెలుగు రాష్ట్రాల్లో దీన్ని ఉన్నదున్నట్టు దించుకోలేం. ఇక్కడ పాత టీబీ మచ్చలు స్కాన్‌లో క్యాన్సర్‌లా కనిపించి తికమక పెడతాయి. పొగ తాగని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తోంది. కాబట్టి వాహనం ఊళ్లోకి రాకముందే మచ్చకూ గడ్డకూ తేడా చెప్పగల రేడియాలజిస్టు ఎవరు, బయాప్సీ ఏ ఆసుపత్రిలో, ఆపరేషన్ ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద తేలి ఉండాలి.