మెమరీ కార్డ్‌ని ఇంటర్నల్ చేసే ఎస్ఎమ్ కమాండ్లు: పాత వీడియోలకీ మీ ఫోన్‌కీ తేడా ఎక్కడ?

మా నవీపేట్‌లో 16 జీబీ, 32 జీబీ ఫోన్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకో తమ్ముడో పంపే వీడియోలతో అవి నిండిపోతాయి. "స్టోరేజ్ ఫుల్" అని రాగానే ఇంట్లో కుర్రాడు యూట్యూబ్‌లో ఓ పాత వీడియో పెట్టుకుని, మెమరీ కార్డ్‌ని ఇంటర్నల్ స్టోరేజ్‌గా మార్చే ఏడీబీ కమాండ్లు కొట్టేస్తాడు. ఐడియా మంచిదే. కానీ వీడియోలోని ఆండ్రాయిడ్ వేరు, మీ చేతిలోది వేరు. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాశాను, టైప్ చేయాల్సింది మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే.)

ఆండ్రాయిడ్‌లో స్టోరేజ్ పనులు చూసేది వోల్డ్ అనే ప్రోగ్రామ్. లాలిపాప్ వరకు దానితో మాట్లాడాలంటే వీడీసీ కమాండే దిక్కు. 2015లో మార్ష్‌మాలో అడాప్టబుల్ స్టోరేజ్‌తో పాటు ఎస్ఎమ్ కమాండ్‌ని తెచ్చింది. ఆండ్రాయిడ్ 9లో వోల్డ్ సాకెట్ వదిలేసి బైండర్‌కి మారింది. కాబట్టి "వీడీసీ వాల్యూమ్" అని మొదలయ్యే గైడ్ కనిపిస్తే అక్కడే మూసేయండి.

ఏడీబీ షెల్‌లో ఉత్తగా ఎస్ఎమ్ అని కొట్టి చూడండి. మీ ఫోన్‌లో పనిచేసే కమాండ్ల లిస్ట్ అదే చూపిస్తుంది. ఏ వీడియో కంటే కూడా నేను దాన్నే నమ్ముతాను.

తర్వాత లిస్ట్-డిస్క్స్. వీడియోల్లో అందరూ 179,64 అనే నంబరే చెప్తారు. 179 అంటే లైనక్స్‌లో ఎమ్ఎమ్‌సీ కార్డుల నంబర్, రెండోది ఫోన్‌ని బట్టి మారుతుంది. ఓటీజీలో పెన్‌డ్రైవ్ పెడితే మొదటి నంబర్ 8 వస్తుంది. మీ ఫోన్ ఏది చూపిస్తే అదే వాడాలి, ఎందుకంటే తర్వాత వచ్చే పార్టిషన్ కమాండ్ ఆ డిస్క్‌ని మొత్తం తుడిచేస్తుంది.

పార్టిషన్‌లో మిక్స్‌డ్ 25 అని ఇస్తే 25 శాతం ఇంటర్నల్‌కి పోతుందని చాలామంది అనుకుంటారు. ఉల్టా! 25 శాతం మామూలు కార్డ్‌గా మిగులుతుంది, మిగతాది ఇంటర్నల్ అవుతుంది. 10 నుంచి 90 వరకే ఒప్పుకుంటుంది.

సెట్-ఫోర్స్-అడాప్టబుల్ దగ్గర మార్పు ఇంకా తమాషా. 2016లో శాంసంగ్ గెలాక్సీ ఎస్7లో ఇంటర్నల్ ఆప్షన్ లేకపోవడంతో ఇలాంటి కమాండ్లకు గిరాకీ పెరిగింది. అప్పట్లో దీనికి ట్రూ, ఫాల్స్ అని ఇచ్చేవాళ్లు. కొత్త వెర్షన్లలో ఆన్, ఆఫ్, డిఫాల్ట్ ఉన్నాయి. ట్రూ అంటే ఆన్ అనే తీసుకుంటుంది. ఫాల్స్ అంటే మాత్రం ఆఫ్ కాదు, డిఫాల్ట్. అంటే కంపెనీ ఎలా సెట్ చేసిందో అలాగే. నిజంగా ఆపాలంటే ఆఫ్ అనే కొట్టాలి.

ఇక అసలు భయపడాల్సింది ఫర్గెట్ కమాండ్‌కి. కార్డ్ ఇంటర్నల్ అయ్యిందంటే దానిలోని డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది. ఫర్గెట్ ఆ తాళంచెవిని చెరిపేస్తుంది. కార్డ్ చేతిలోనే ఉంటుంది, నాన్న దుబాయ్ నుంచి పంపిన వీడియో మాత్రం ఇక తెరుచుకోదు. వెనక "ఆల్" అని పెడితే ఫోన్ గుర్తుపెట్టుకున్న కార్డులన్నిటికీ అదే గతి. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అంతే. ఆ కార్డ్ తీసి కొత్త ఫోన్‌లో పెడితే ఫార్మాట్ చేయమని అడుగుతుంది, ఎస్ అనొద్దు. పాత ఫోన్‌లో డిస్‌ప్లే ఒక్కటే పగిలి బోర్డ్ బాగుంటే, ముందు డిస్‌ప్లే వేయించి డేటా బయటికి తీసుకోండి.

వెనక్కి రావాలంటే దీనికి ఫర్గెట్ వాడే పనే లేదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి డేటాని ఫోన్‌కి మార్చుకోండి. పట్టకపోతే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత కార్డ్‌ని పోర్టబుల్‌గా ఫార్మాట్ చేయండి.

గేమ్స్ కోసమైతే మీ ఫోన్, మీ ఇష్టం. అమ్మ ఫోన్‌లో మాత్రం నేనైతే కార్డ్‌ని పోర్టబుల్‌గానే ఉంచి, వీడియోలు నెలకోసారి అందులోకి కాపీ చేస్తాను. ఫోన్ పాడైనా ఆ కార్డ్ తీసి పక్కింటివాళ్ల ఫోన్‌లో పెట్టి చూసుకోవచ్చు.