“మన ఇంటి కుక్కే కదా!”: రేబిస్ గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన సంక్రాంతికి అందరం మా అక్క వాళ్లింట్లో కలిశాం. ఆరేళ్ల మేనకోడలు ముగ్గు దగ్గర ఆడుకుంటూ, వాళ్లు పెంచుకుంటున్న పమేరియన్ తోక పట్టుకుని లాగింది. అది గిర్రున తిరిగి మణికట్టు మీద పన్ను దించింది. కందిగింజంత గాటు, దాని మీద ఒక్క రక్తపు చుక్క. అమ్మ వంటింట్లోంచి పసుపు డబ్బా పట్టుకొచ్చింది. బావగారు “మన ఇంటి కుక్కే కదా, ఏం కాదు” అన్నారు. పెద్దమ్మేమో “పది రోజులు చూద్దాం, కుక్కకి ఏమన్నా అయితే అప్పుడు సూది వేయిద్దాం” అంది. ముగ్గురికీ ఆ పిల్లంటే ప్రాణం. కానీ ముగ్గురు చెప్పిందీ తప్పే. ఇలాంటి మాటలు మన ఇళ్లలో ఎంత మామూలో తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

“పసుపు అద్దితే సరి”

ముందు కావాల్సింది నీళ్లు, సబ్బు. పాపను పెరట్లో కుళాయి కిందికి తీసుకెళ్లి, సబ్బు నురగతో గాయం కడుగుతూ కూర్చున్నాను. 15 నిమిషాలు కడగాలి. గడియారం చూస్తూ కడిగితేనే అది ఎంతసేపో తెలుస్తుంది. పాప ఏడ్చి ఏడ్చి, చివరికి నురగతో ఆడుకోవడం మొదలుపెట్టింది. చాలామంది నిమిషం కూడా కడగకుండా చెయ్యి తుడిచేస్తారు. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించేస్తుంది, దాంతో వైరస్ చచ్చిపోతుంది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు ఆ పని చేయవు సరికదా, గాయాన్ని మండించి ఆసుపత్రికి వెళ్లడాన్ని ఆలస్యం చేస్తాయి. కడిగాక బెటాడిన్ లాంటి మందు రాయొచ్చు. గట్టిగా కట్టు కట్టకూడదు.

“పది రోజులు చూద్దాం”

అన్నిటికంటే ప్రమాదం ఈ మాటతోనే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. కుక్కకైనా పిల్లికైనా రేబిస్ లక్షణాలు బయటపడటానికి కొద్ది రోజుల ముందే చొంగలోకి వైరస్ వస్తుంది. వచ్చిందంటే ఆ జంతువు కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. కాబట్టి కరిచిన కుక్క పదో రోజుకూ ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేదని అర్థం. అంతవరకు నిజమే. అయితే ఆ పది రోజులు చూసేది మొదలుపెట్టిన టీకాలు మధ్యలో ఆపవచ్చా లేదా అని తేల్చుకోవడానికి. మొదటి సూది మాత్రం కరిచిన రోజే పడాలి.

గాయంలో చేరిన వైరస్ నరాల వెంట మెదడు వైపు పాకుతుంది. మామూలుగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ముఖం మీద, తల మీద కరిస్తే ఇంకా త్వరగా చేరిపోవచ్చు. చేరేలోపే టీకా పనిచేయాలి. లక్షణాలు కనిపించాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రేబిస్‌తో చనిపోయేవాళ్లలో పదిమందికి నలుగురు 15 ఏళ్ల లోపు పిల్లలు. కుక్క గీరినా, కొరికినా తిడతారేమోనని పిల్లలు దాచేస్తారు. ముందు వాళ్లకు ఆ భయం పోగొట్టాలి.

“టీకా వేయించాం కదా”

ఆసుపత్రికి బయల్దేరే ముందు బావగారు ధీమాగా బీరువాలోంచి కుక్క టీకా కార్డు తీశారు. మందు సీసా మీద నుంచి తీసి అంటించిన స్టిక్కరు, పక్కన డాక్టరు గారి సంతకం, తేదీ. ఆ తేదీకి 14 నెలలు దాటింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

కుక్కకు మొదటి టీకా మూడు నెలల వయసులో వేయిస్తారు. అంతకు ముందు తల్లి నుంచి వచ్చిన రక్షణ టీకాకు అడ్డుపడవచ్చు. మూడు నాలుగు వారాలకు రెండోది, ఆ తర్వాత ఏటా ఒకటి. ఒకసారి వేయిస్తే జీవితాంతం పనిచేసే టీకా కాదిది. మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి, కాబట్టి ఎవరో తెచ్చి ఇంట్లో వేసే సూది మీద భరోసా పెట్టుకోవద్దు. కార్డులో తేదీలన్నీ సరిగ్గా ఉన్నా సరే, కరిచిందంటే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

పెంపుడు జంతువులకు టీకాలు వేయించే బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ లైసెన్సు కావాలంటే రేబిస్ టీకా సర్టిఫికెట్ చూపించాలి. ఖర్చుకు వెనకాడాల్సిన పని కూడా లేదు. ఏటా జూలై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొట్టమొదటి రేబిస్ టీకా వేశాడు. అమెరికాకు కుక్కను వెంట తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఇంకా ముందే మేలుకోవాలి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడ కుక్కకు ఆరు నెలలు నిండి, మైక్రోచిప్ ఉంటేనే రానిస్తున్నారు. చిప్ పెట్టించాకే టీకా వేయించాలి.

“చిన్న కుక్కపిల్ల కదా, దానికెక్కడి రేబిస్?”

కుక్కపిల్లలకూ వస్తుంది. వీధిలో జాలిపడి ఎత్తుకొచ్చిన పప్పీ పళ్లు గీసుకున్నా అది కాటుతో సమానమే. ఇల్లు దాటని పిల్లికి ఎందుకు టీకా అంటారు గానీ, గోడ దూకి రాత్రంతా ఎక్కడ తిరిగొచ్చిందో ఎవరికి తెలుసు? మన కుక్కను వీధికుక్క కరిస్తే గ్లౌజులు వేసుకుని సబ్బుతో కడిగి, టీకా పాతదైనా కొత్తదైనా, ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి.

“పిచ్చి పడితే మీద పడి కరుస్తుంది, నీళ్లు చూస్తే పారిపోతుంది”

నీళ్లంటే భయం మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ సోకిన కుక్క నీళ్లు తాగగలదు. అన్ని కుక్కలూ మీద పడి కరవవు. కొన్ని మూలకు చేరి మౌనంగా పడుకుంటాయి. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేవు. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని యజమాని ప్రేమగా నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఆ చేతి మీద గోరు పక్కన చిన్న చీలిక ఉన్నా చాలు, వైరస్ లోపలికి వెళ్లిపోతుంది. మీ కుక్క ఉన్నట్టుండి తిండి మానేసి నోరు తెరుచుకుని ఉంటే దయచేసి చెయ్యి పెట్టకండి. డాక్టరు గారికి ఫోన్ చేయండి.

“బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు”

హిమాచల్‌లోని కసౌలీలో 1911లో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో తయారుచేసిన పాత టీకా అది. నొప్పి ఎక్కువ, ఇబ్బందులూ ఎక్కువే. దాన్ని మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లవుతోంది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో చేతి చర్మంలోకి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు వేస్తే 14వ రోజు ఇంకొకటి, మొత్తం ఐదు. రక్తం వచ్చిన గాయమైతే మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. చాలామంది మర్చిపోయేది ఇదే, అడిగి వేయించుకోండి. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఈ టీకా వేస్తారు. మాంసం, గుడ్లు మానాలన్న పథ్యం ఏమీ లేదు.

పాప గాయం చుట్టూ ఇంజెక్షన్ వేస్తుంటే బావగారు అటు తిరిగి నిలబడ్డారు. పది రోజులూ కుక్కను వరండాలో విడిగా కట్టేసి గమనించారు. ఆ రోజుల్లో దానికి టీకా వేస్తే లక్షణాలు తేల్చుకోవడం కష్టమని పశువైద్యుడు ఆగమన్నారు. దానికేమీ కాలేదు, పదకొండో రోజు సూది వేయించాం. పాపకు 28వ రోజు డోసు కూడా పూర్తయింది. మళ్లీ ఎప్పుడైనా కుక్క కరిస్తే రెండు డోసులు సరిపోతాయన్నారు డాక్టరు. అక్క వంటింట్లో క్యాలెండరు డిసెంబరు పేజీ తిప్పి, ఎర్ర పెన్నుతో “వచ్చే నెల కుక్కకి టీకా” అని పెద్ద అక్షరాలతో రాసుకుంది.