ఎడమ దారి, కుడి దారి: రెండు దేశముల రహదారి నియమములు, మన గ్రామములు

గోదావరి డెల్టా గ్రామములలో రహదారి భద్రతను గురించి మేము ప్రసంగించునపుడు సభికులు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. "మా పిల్లలు అమెరికాలో కుడివైపున కారు నడుపుచున్నారు. ఇంగ్లాండులోని బంధువులు మనవలెనే ఎడమవైపున నడుపుచున్నారు. ఈ రెండింటిలో ఏది క్షేమకరము?" ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో మన పంచాయతీలకు ఉపయోగపడు విషయములు కొన్ని తెలియగలవు.

దారి ఏ వైపు అనునది ముఖ్యము కాదు

స్వీడన్ దేశము 1967 సెప్టెంబరు 3వ తేదీన ఒక్క దినములో ఎడమవైపు నుండి కుడివైపునకు మారినది. ప్రజలు భయముతో నెమ్మదిగా నడుపుటచే ప్రమాదములు కొంతకాలము తగ్గినవి. అలవాటు కుదిరిన పిదప మరల మునుపటి స్థాయికి వచ్చినవి. కావున ప్రాణమును కాపాడునది జాగ్రత్తయే గాని దారి వైపు కాదు.

ఇక అమెరికా, బ్రిటన్ దేశములను పోల్చి చూతము. రెండును సంపన్న దేశములే. రెండింటను మంచి రోడ్లు, మంచి వాహనములు, మంచి ఆసుపత్రులు కలవు. బ్రిటన్‌లో, ఉత్తర ఐర్లాండు మినహా, 1966లో రోడ్డు ప్రమాదములలో 7,985 మంది మరణించగా 2023లో 1,624 మంది మరణించిరి. అనగా మరణములు అయిదవ వంతునకు తగ్గినవి. అమెరికాలో 1972లో సుమారు 54,600 మంది మరణించగా 2023లో సుమారు 40,900 మంది మరణించిరి. లక్ష జనాభాకు లెక్కించినచో బ్రిటన్‌లో మరణములు రెండు, మూడింటి మధ్య నుండగా అమెరికాలో పండ్రెండు ఉన్నవి. అమెరికనులు వాహనములపై తిరుగు దూరము ఎక్కువ అనుమాట నిజమే. కాని తిరిగిన దూరమును బట్టి లెక్కించినను అక్కడి మరణములు బ్రిటన్‌కు రెట్టింపును మించియున్నవి. రోడ్లు విశాలమైనంత మాత్రమున ప్రాణములు దక్కవని దీనివలన స్పష్టమగుచున్నది.

నియమములలో భేదములు

మొదటి భేదము నియమములను చేయు అధికారములో కలదు. బ్రిటన్‌లో 1931 నుండి 'హైవే కోడ్' అను నియమావళి ప్రజలందరికిని పాఠ్యపుస్తకము వలె ఉపయోగపడుచున్నది. అమెరికాలో 50 రాష్ట్రములును తమ తమ నియమములను తామే చేసికొనుచున్నవి.

రెండవది వేగము. బ్రిటన్‌లో జనావాసముల యందు గంటకు 30 మైళ్లు, అనగా 48 కిలోమీటర్లు మించరాదని 1935లోనే నిర్ణయించిరి. వేల్సు ప్రాంతములో 2023 సెప్టెంబరు నుండి దీనిని సామాన్యముగా 20 మైళ్లకు, అనగా 32 కిలోమీటర్లకు తగ్గించిరి. అమెరికాలోనో, అంగళ్లు, ఇండ్లు గల విశాలమార్గములపై కూడ అనేకచోట్ల 40, 45 మైళ్ల వేగము అనుమతింపబడుచున్నది. వేగము హెచ్చినకొలది బ్రేకు వేసిన పిదప వాహనము ఆగుటకు పట్టు దూరమును, తగిలినపుడు కలుగు దెబ్బయు అంతకంటె త్వరగా హెచ్చును. వేగము రెట్టింపైనచో దెబ్బలోని శక్తి నాలుగు రెట్లగును.

మూడవది శిరస్త్రాణము, అనగా హెల్మెట్. బ్రిటన్‌లో 1973 నుండి మోటారు సైకిలు ఎక్కువారికి ఇది తప్పనిసరి. అమెరికాలో సగమునకు తక్కువ రాష్ట్రములు మాత్రమే వయోభేదము లేక అందరికిని దీనిని విధించినవి. కారులో నడుమునకు బిగించుకొను బెల్టు విషయములోను ఇట్లే జరిగినది. బ్రిటన్ 1983లో ముందు సీట్లలోని వారందరికి దానిని తప్పనిసరి చేయగా, అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 1984లో మొదటిసారిగా ఇట్టి శాసనము చేసినది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రములో పెద్దలకు నేటికిని ఆ నిర్బంధము లేదు.

నాలుగవది కూడలి. బ్రిటన్‌లో చక్రాకారపు కూడళ్లు ఎక్కువ. అందు ప్రవేశింపబోవువాడు కుడివైపు నుండి వచ్చు వాహనమునకు దారి విడువవలెను. ఇందువలన అందరును వేగము తగ్గించి తీరుదురు. అమెరికాలో నాలుగు వైపులను 'ఆగుము' అను ఫలకమున్న కూడళ్లు పెక్కు కలవు. ముందు వచ్చి ఆగినవాడు ముందు పోవును. అచ్చట ఎర్రదీపము వెలుగుచున్నను, ఆగి చూచి కుడివైపునకు తిరుగుట చాలచోట్ల అనుమతింపబడును. బ్రిటన్‌లో ఎర్రదీపము వెలిగినచో ఏ వైపునకును కదలరాదు.

అమెరికా నుండి నేర్వదగిన మంచి నియమము కూడ ఒకటి కలదు. పాఠశాల బస్సు ఆగి ఎర్రదీపములు వెలిగించినచో వెనుకనున్న వాహనములు మాత్రమే గాక, నడుమ విభాగము లేని రోడ్లపై ఎదురుగా వచ్చునవియు ఆగవలెను. బిడ్డలు రోడ్డు దాటిన పిదపనే కదలవలెను.

మన స్థితి

మన దేశములో 2022లో రోడ్డు ప్రమాదముల వలన 1,68,491 మంది మరణించిరి. జనాభాను బట్టి చూచినచో ఇది అమెరికా స్థాయికి సమీపముగనే యున్నది. కాని జనాభాను బట్టి మనకు వాహనములు వారికంటె ఎంతయో తక్కువ. ఇది మనము ఆలోచింపవలసిన విషయము.

మన చట్టము బలహీనమైనది కాదు. మద్యము విషయములో ఇంగ్లాండులోను, అమెరికాలోని చాల రాష్ట్రములలోను 100 మిల్లీలీటర్ల రక్తములో 80 మిల్లీగ్రాముల వరకు అనుమతి కలదు. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము 30 మిల్లీగ్రాములు మించరాదని చెప్పుచున్నది. హెల్మెట్ మనకును తప్పనిసరియే. 2019 సవరణ ప్రకారము, మైనరు బాలుడు వాహనము నడిపి నేరము చేసినచో సంరక్షకునికి లేక వాహన యజమానికి 3 సంవత్సరముల వరకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. లోపము శాసనములో లేదు, ఆచరణలో కలదు.

డెల్టాకు ప్రత్యేకమైన అపాయములు కొన్ని కలవు. మన రోడ్లు పెక్కు కాలువగట్ల మీదుగా పోవుచున్నవి. మలుపులలో పిట్టగోడ యుండదు. గుర్రపుడెక్క కమ్మిన కాలువ రాత్రివేళ చదునైన నేలవలె భ్రమ గొల్పును. చేపలబండ్ల నుండి కారిన నీటివలన రోడ్డు జారుచుండును. మాసూళ్ల కాలములో రోడ్డుపై ధాన్యము ఆరబోసి, చుట్టును పెట్టిన రాళ్లను చీకటిపడినను తొలగింపరు. 2015 జూన్‌లో ధవళేశ్వరము బరాజుపై నుండి యాత్రికుల వాహనము క్రిందపడి 22 మంది మరణించిన ఘోరమును మన ప్రాంతము మరువలేదు.

పంచాయతీ చేయదగిన పనులు

గ్రామ వీధుల నిర్వహణయు, దీపములును పంచాయతీ బాధ్యతలు. కావున సభ్యులు ఈ క్రింది విషయములను గ్రామసభలో చర్చింపవలెనని కోరుచున్నాము.

1. ఊరిలో ప్రమాదకరమైన మలుపులు, రేవులు, వంతెనలు ఎన్ని కలవో జాబితా వ్రాసి, ముందుగా అచ్చట దీపములు అమర్చవలెను. పిట్టగోడ, హెచ్చరిక ఫలకము వలయుచోట రోడ్ల శాఖకుగాని, కాలువగట్టు అయినచో నీటిపారుదల శాఖకుగాని తీర్మానము పంపవలెను.

2. ధాన్యము ఆరబోయుటకు ఊరుమ్మడి స్థలమును చూపవలెను. తప్పనిసరియై రోడ్డు ప్రక్కన ఆరబోసినచో, ప్రొద్దు క్రుంకక ముందే ధాన్యమును, బరకాలను, రాళ్లను తీసివేయునట్లు కట్టుబాటు చేయవలెను.

3. ఎవరికి తోచినచోట వారు వేగనిరోధకములు కట్టరాదు. గుర్తులు లేని దిబ్బ రాత్రివేళ మోటారు సైకిలుకు ప్రాణాంతకము. శాఖ అనుమతితో, తెల్లగీతలతో, ముందుగా ఫలకము పెట్టి కట్టింపవలెను.

4. బడి మొదలగు వేళను, విడుచు వేళను ఒక పెద్దమనిషి రోడ్డువద్ద నిలిచి పిల్లలను దాటింపవలెను.

5. ట్రాక్టరు ట్రక్కులకు, ఎడ్లబండ్లకు వెనుక ఎర్రని మెరుపు పట్టీలు అంటింపవలెను.

6. కాలిబాట లేని రోడ్డుపై నడచువారు ఎదురు వాహనములు కనబడునట్లు కుడివైపున నడువవలెనని చాటింపు వేయించవలెను. బ్రిటన్ నియమావళియు ఇదే చెప్పుచున్నది.

7. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసు కేసు భయము వెంటాడరాదు. సదుద్దేశముతో సాయపడినవారికి 2019 సవరణ రక్షణ కల్పించినది. 108కు ఫోను చేయుటకు ఎవ్వరును సంకోచింపనక్కరలేదు.

విదేశములకు పోవువారికి ఒక మాట. రవాణా శాఖ కార్యాలయములో లభించు అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతిపత్రము ఒక సంవత్సరము చెల్లును. బ్రిటన్‌లో స్థిరపడినవారు మన లైసెన్సుతో 12 నెలలు నడుపవచ్చును. తరువాత అచ్చటి పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందవలెను. అమెరికాలో రాష్ట్రమును బట్టి నియమము మారును. అచ్చట వాహనములు కుడివైపున పోవును గనుక, కాలినడకన రోడ్డు దాటువారు మొదట ఎడమవైపు చూడవలెను.

ఈ పనులలో పెక్కింటికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక మలుపులో ఒక దీపము వెలిగినచో, రాత్రి ఇంటికి రావలసిన మనిషి ఇంటికి చేరును. మీ పంచాయతీ రాబోవు సమావేశములోనే ఆ మలుపును గుర్తించి తీర్మానము వ్రాయునని ఆశించుచున్నాము.