జనవరి 6: ఒక తేదీ, రెండు క్యాలెండర్లు, మన పాట

చాలా బడుల్లో నల్లబల్ల మూలన తేదీ రాసి, దాని కింద ‘చరిత్రలో ఈ రోజు’ అని రెండు మూడు వాక్యాలు రాసే అలవాటు ఉంది. ఉదయం ప్రార్థనలో ఎవరో ఒక విద్యార్థి వాటిని పైకి చదువుతాడు. ఆ వాక్యాలు ఎక్కువగా జనరల్ నాలెడ్జ్ పుస్తకాల నుంచి వస్తాయి. యుద్ధాలు, ఒప్పందాలు, నాయకుల పుట్టినరోజులు వాటిలో నిండి ఉంటాయి. సంగీతం అరుదు. మన భాష ఊసు మరీ అరుదు. సంక్రాంతికి వారం ముందు వచ్చే జనవరి 6 మాత్రం ఈ రెండింటినీ కలిపి మన చేతికి ఇస్తుంది. ఈ సారి ఆ బల్ల మీద ఏం రాయవచ్చో చూద్దాం.

తిరువయ్యారులో ఆ రోజు

1847 జనవరి 6న కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధి పొందారు. 1767 మే 4న తిరువారూరులో పుట్టిన ఆయన జీవితమంతా తంజావూరు సీమలోనే గడిచింది. తండ్రి కాకర్ల రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. గురువు శొంఠి వెంకటరమణయ్య. ఈ పేర్లన్నీ తెలుగు ఇళ్లవే, ఊళ్లు మాత్రం తమిళ దేశానివి. అంటే త్యాగయ్య కూడా మనలాగే తరాల కిందట వలస వచ్చి, చుట్టూ వేరే భాష వినిపించే ఊళ్లో ఇంటి తెలుగును నిలుపుకున్న కుటుంబంలోని మనిషి.

ఆనాటి తంజావూరును ఒక్కసారి ఊహించుకోండి. వీధిలో తమిళం. గద్దె మీద మరాఠా రాజులు, వారి దఫ్తరాలో మరాఠీ. పండితుల సభలో సంస్కృతం. 1673 వరకు పాలించిన నాయక రాజుల కాలం నుంచి పాటకు, నాటకానికి తెలుగు. ఆ నాలుగు భాషల నడుమ కూర్చుని త్యాగయ్య తెలుగులో పాడుకున్నారు. నేడు మనకు దొరికే ఆయన రచనలు సుమారు 700. ఘనరాగ పంచరత్నాలలో మొదటిదైన నాట రాగ కృతి సంస్కృతంలో ఉంది. గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని మిగతా నాలుగూ తెలుగే. ఆయన కృతుల్లో చాలావాటిలోని భాష కావ్యాల భాషకంటే ఇంట్లో మాట్లాడే తెలుగుకు దగ్గర. సామెతలు, నిష్ఠూరాలు, బుజ్జగింపులు అందులో ఉంటాయి.

ఈ మాట పిల్లలకు తప్పక చెప్పాలి. ‘మా తెలుగు సరైన తెలుగు కాదు, అసలు తెలుగు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటుంది’ అనే బెరుకు మన బడి పిల్లల్లో చాలామందికి ఉంది. ప్రపంచమంతా పాడుకునే తెలుగులో పెద్ద భాగం హొసూరు, మదురై పిల్లలు మాట్లాడే తెలుగులాగే ఆంధ్ర నేలకు దూరంగా బతికిన తెలుగు.

ఆరాధన ఆ తేదీన ఎందుకు జరగదు?

బల్ల మీద ఈ వాక్యం రాయగానే చురుకైన పిల్ల ఒకతె తప్పక అడుగుతుంది: ‘మరి టీవీలో ఆరాధన ఇంకో రోజు వస్తుందే?’ ఆ ప్రశ్నే ఆ రోజు పాఠం. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది పరాభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి నాడు. ఆరాధన తిథిని బట్టి జరుగుతుంది. అందుకే 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న, 2026లో జనవరి 7న వచ్చింది. తిథి చంద్రుణ్ని అనుసరిస్తుంది, తేదీ సూర్యుణ్ని అనుసరిస్తుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సౌర సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. ఆ తేడా పెరిగినప్పుడు అధిక మాసం వచ్చి సరిచేస్తుంది.

మన బడులు ఉన్న రాష్ట్రాలను బట్టి ఇది ఇంకా రుచిగా ఉంటుంది. తమిళుల మాసాలు సౌరమాసాలు. కన్నడిగులు, మరాఠీలు మనలాగే అమావాస్యతో నెల ముగిస్తారు. ఒడిశాలో పౌర్ణమితో నెల ముగుస్తుంది కాబట్టి, మన పుష్య బహుళ పంచమి అక్కడి పంచాంగంలో మాఘ మాసపు కృష్ణ పంచమి అవుతుంది. రోజు ఒక్కటే, పేరు వేరు.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. రష్యా స్వరకర్త అలెగ్జాండర్ స్క్రియాబిన్ పుట్టినరోజు కూడా జనవరి 6, సంవత్సరం 1872. కానీ ఆయన పుట్టిన మాస్కోలో ఆనాడు గోడ మీది తేదీ 1871 డిసెంబరు 25. రష్యాలో 1918 దాకా పాత జూలియన్ క్యాలెండరే నడిచింది. 19వ శతాబ్దంలో రెండింటికీ తేడా 12 రోజులు. లెక్కల టీచరు ఈ తీసివేతను తరగతిలో చేయించవచ్చు.

అదే తేదీన ఇంకొందరు

1838 జనవరి 6న జర్మనీలోని కొలోన్‌లో మాక్స్ బ్రూక్ పుట్టారు. ఆయన మొదటి వయొలిన్ కన్చెర్టో నేటికీ ప్రపంచమంతా వాయిస్తారు. వయొలిన్ అనగానే మన పిల్లలకు కర్ణాటక కచేరీ గుర్తొస్తుంది. ఆ ఐరోపా వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. బ్రూక్ ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. అయినా యూదుల ప్రార్థన బాణీ తీసుకుని చెల్లో కోసం ఆయన చేసిన రచనకు గొప్ప పేరు వచ్చింది.

అమెరికా జాజ్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ 1993 జనవరి 6న కన్నుమూశారు. ఆయన ట్రంపెట్ నోరు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. 1953లో, అదీ జనవరి 6నే, ఆయన భార్య కోసం ఏర్పాటు చేసిన విందులో పొరపాటున ఆ వాద్యం వంగిపోయింది. ఊది చూస్తే ఆ ధ్వని ఆయనకు నచ్చింది. అప్పటి నుంచి అలాగే చేయించుకుని వాయించారు.

ఇక పిల్లలందరికీ తెలిసిన పేరు ఏ.ఆర్. రెహమాన్. 1967 జనవరి 6న మద్రాసులో పుట్టారు. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకు సంగీతం చేసేవారు. సంగీత దర్శకుడు కాకముందు రెహమాన్ తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. 1992లో ‘రోజా’తో పేరు తెచ్చుకుని, 2009లో రెండు ఆస్కార్‌లు అందుకున్నారు.

పాటను దాచిన చేతులు

త్యాగయ్య పాట మనదాకా ఎలా వచ్చింది? శిష్యులు నేర్చుకుని రాసి పెట్టడం వల్ల. ఉమయాళ్పురం, తిల్లస్థానం, వాలాజాపేట శిష్య పరంపరలు ఇందులో ముఖ్యమైనవి. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఇంటి భాష సౌరాష్ట్రం. తమిళనాట తెలుగు లాగే అదీ ఒక చిన్న భాష. ఆ ఇంటివారు దాచిన రాతప్రతులు ఇప్పుడు మదురై సౌరాష్ట్ర సభ దగ్గర ఉన్నాయి.

మరొకరు బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టారు. కన్నడ, తెలుగు, సంస్కృతం చదువుకున్నారు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని తెలుగు కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చు వేయించారు. 1920లలో తన సంపాదనతో తిరువయ్యారు సమాధి చోట మందిరం కట్టించారు. ఆరాధనలో స్త్రీలకు పాడే చోటు లేనప్పుడు వారి కోసం వేరుగా పాట నడిపి, చివరికి అందరూ కలిసి పాడే దాకా పట్టు విడవలేదు. 1952లో కన్నుమూసిన ఆమె సమాధి కూడా అక్కడే ఉంది.

చదవడం వచ్చిన బిడ్డ విలువ

ఇదంతా చెప్పాక తల్లిదండ్రులను ఒక్క విషయం అడగాలని మాకుంది. ‘రాష్ట్ర భాష, ఇంగ్లీషు ఎలాగూ తప్పవు. మాట్లాడటం వస్తే చాలదా, తెలుగు రాత ఎందుకు?’ అనే ఆలోచన చాలా ఇళ్లలో ఉంది. పిల్లల మీద చదువు బరువు నిజమే. అయితే రాత వదిలేస్తే ఏం పోతుందో పాటే చెబుతుంది.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ప, బలకూ అంతే. మామూలుగా రాస్తే ‘పాట’, ‘బాట’ ఒకేలా కనిపిస్తాయి. అందుకే తమిళంలో అచ్చయ్యే సంగీత పుస్తకాలు అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసి తేడా చూపుతాయి. దేవనాగరిలో, ఒడియాలో మామూలుగా ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉండదు, ‘మెడ’, ‘మేడ’ ఒకటైపోతాయి. కన్నడ లిపిలో ఈ చిక్కు లేదు. ఆ పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడం తేలిక కూడా. మూడో తరగతిలో మన టీచరు ఓపికగా దిద్దించే ఒత్తులూ దీర్ఘాలూ నేర్చిన బిడ్డ ఏ అంకెల సాయమూ లేకుండా ఆ పాటను చదవగలదు, అర్థమూ చెప్పగలదు. పెద్ద కచేరీలు చేసేవారిలోనూ అందరికీ ఆ వీలు లేదు.

బడిలో చేయదగినవి

జనవరి 6న బల్ల మీద తేదీ పక్కనే తిథి కూడా రాయించండి. ఒక గడిలో త్యాగయ్య, రెహమాన్, గిలెస్పీ, స్క్రియాబిన్, బ్రూక్ పేర్లు రాసి, ఒక్కొక్కరి గురించి ఒక్కో విద్యార్థిని సొంత మాటల్లో చెప్పమనండి. త్యాగయ్య కృతి ఒకటి తరగతిలో చదివించి, అందులో మన ఇళ్లలో నేటికీ వాడే మాటలను ఏరించండి. అర్థం తెలియని మాటను ఇంటికి పంపండి, తాతయ్యనో నాయనమ్మనో అడిగి రమ్మనండి. సంగీతం టీచరు లేని బడిలోనూ ఇది జరుగుతుంది. కావలసినది తెలుగు చదవగల పిల్లలే. వాళ్లు తయారయ్యేది మన బడుల్లోనే కదా!