పాము చెవి, వైఫై చెవి

పామూరు ఊరి పేరులోనే పాముంది. పాముకు బయటికి కనిపించే చెవుల్లేవు. నేలకు ఆనించిన కింది దవడతో అదురు పసిగడుతుంది. ఇంట్లో ఓ మూల పచ్చ లైట్లు మిణుకుమనే వైఫై డబ్బా కూడా మన కదలికను దాదాపు అలాగే పసిగట్టగలదంటే నమ్ముతారా?

● 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. అది గోడకు, బీరువాకు, మంచం మీది మనిషికి తగిలి చెల్లాచెదురవుతుంది. ఊపిరికి రొమ్ము కదిలేది కొద్ది మిల్లీమీటర్లే. ఆ కాస్తకే తరంగాల కలయిక మారిపోతుంది. ఆ మార్పును పట్టే కొలత పేరు సీఎస్‌ఐ (చానెల్ స్టేట్ ఇన్ఫర్మేషన్).

● 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ‘వైసీ’ అనే పద్ధతిలో తొమ్మిది రకాల సైగలను 94 శాతం కచ్చితంగా గుర్తించారు. ఆ బృందంలో ఒకరు శ్యామ్‌నాథ్ గొల్లకోట. ఇంటిపేరు వింటే మన చుట్టమే అనిపిస్తుంది! అయితే వాళ్లు వాడింది సాఫ్ట్‌వేర్ రేడియో. అలాంటివి కొనాలంటే లక్షల మాట.

● అసలు దారి తెరిచింది మాత్రం పాత లాప్‌టాప్ ముక్క. ఇంటెల్ 5300 అనే వైఫై కార్డు లోపలి కొలతలను బయటికి లాగే సాఫ్ట్‌వేర్‌ను అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇచ్చేది వైఫై సిగ్నల్‌లోని 30 చిన్న పాయల (ఉపవాహకాల) లెక్కే. అయినా ఏళ్ల తరబడి ఎందరో పరిశోధకులకు అదే ఆధారమైంది.

● 2019లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కీ ఆ విద్య నేర్పారు.

● ఇప్పుడు అందరి చేతిలో ఉన్నది ఈఎస్‌పీ32. షాంఘై కంపెనీ ఎస్‌ప్రెసిఫ్ 2016లో తెచ్చిన చిప్పు. బోర్డు మన దగ్గర కొన్ని వందల రూపాయలే. ఒకటి పలకడానికి, ఒకటి వినడానికి, రెండుంటే చాలు. పామూరులో ఇంజినీరింగ్ చదివే పిల్లవాడు మిద్దె మీది గదిలో కూర్చుని మొదలుపెట్టొచ్చు. లక్షల సామాను లేదని ఆగనక్కర్లేదు. ప్రాజెక్టు రిపోర్టులు కొనే డబ్బు ఇటు పెడితే మేలని నా అభిప్రాయం.

● వైఫైతో ఇలా పసిగట్టే పనికి 2025లో ఐఈఈఈ 802.11బీఎఫ్ అనే ప్రమాణమూ వచ్చేసింది. గోడ అవతల ఎవరున్నారో పక్కింటివాళ్లూ తెలుసుకోవచ్చన్న భయమూ వెంటే వచ్చింది.

● మన ఇళ్లలో ఈ ప్రయోగానికి పెద్ద చిక్కు సీలింగ్ ఫ్యాను. రెక్కలు తిరిగితే ఊపిరి జాడ ఆ గోలలో కలిసిపోతుంది. వడపోయవచ్చు గానీ, మొదటిసారి ఫ్యాను ఆపి చూడటమే తేలిక. మే నెలలో పామూరులో ఫ్యాను లేకుండా పది నిమిషాలు కదలకుండా కూర్చునే మనిషి దొరకడం కన్నా చిప్పు దొరకడం సులువు.