పెద్ద ఫైల్ నాస్‌లోకి వెళ్తూ మధ్యలో ఆగిపోతోందా? ఎక్కడ ఆగుతోందో చూస్తే కారణం దొరుకుతుంది

ఫోటోలు, పాటలు, పీడీఎఫ్‌లు చకచకా వెళ్లిపోతాయి. 45 జీబీ పెళ్లి వీడియో పెట్టగానే మాత్రం సీన్ మారిపోతుంది. మొదట 110 ఎంబీ స్పీడ్, తర్వాత 20, తర్వాత సున్నా. ప్రోగ్రెస్ బార్ అక్కడే నిలబడుతుంది. అప్పుడు చాలామంది రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, మళ్లీ మొదటి నుంచి కాపీ పెడతారు, మళ్లీ అక్కడే ఆగుతుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఒక ఫైల్ మీ ల్యాప్‌టాప్ నుంచి నాస్ చేరాలంటే ల్యాప్‌టాప్ డిస్క్, కేబుల్ లేదా వైఫై, రౌటర్ లేదా స్విచ్, నాస్ ర్యామ్, చివరికి నాస్ డిస్క్ దాటాలి. వీటిలో ఏది మొరాయించినా మనకు స్క్రీన్ మీద కనిపించేది ఒకటే: ఆగిపోయిన బార్. కానీ ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఆగుతుంది. ఆ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ముందు ఒక జాగ్రత్త

ట్రబుల్‌షూటింగ్ అయ్యేదాకా కట్-పేస్ట్ వాడొద్దు, కాపీ మాత్రమే చేయండి. మెమరీ కార్డు ఫార్మాట్ చేయడం అసలే వద్దు. నాస్ వచ్చిన డేటాని ముందు ర్యామ్‌లో పెట్టుకుని, తర్వాత తీరిగ్గా డిస్క్ మీద రాస్తుంది. అంటే ల్యాప్‌టాప్‌లో కాపీ పూర్తయినట్టు కనిపించినా, చివరి భాగం ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. ఆ క్షణంలో కరెంటు పోతే ఆ భాగం పోయినట్టే. నాస్‌కి చిన్న యూపీఎస్ పెట్టమని అనేది ఇందుకే.

ఎక్కడ ఆగింది?

*సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగితే:* డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్ట్‌కి పాత పెన్‌డ్రైవ్ లేదా హార్డ్‌డిస్క్ తగిలించి నాస్‌లా వాడేవాళ్లకి ఇది ఎక్కువ. ఫ్యాట్32లో ఒక ఫైల్ సైజు 4 జీబీకి చేరకూడదు. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. డేటా వేరే చోట దాచుకుని, రౌటర్ సపోర్ట్ చేసే ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవడమే దారి.

*మొదటి కొన్ని సెకన్లు దూసుకెళ్లి, తర్వాత తగ్గి ఒక స్పీడ్ దగ్గర స్థిరపడితే:* ఇది లోపం కాదు. ర్యామ్ నిండిపోయింది, ఇక డిస్క్ అసలు స్పీడ్ కనిపిస్తోంది, అంతే.

*అసలు మొదలే కాకపోతే:* ఫోల్డర్లు తెరుచుకుంటాయి, పింగ్ వెళ్తుంది, కాపీ మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. జంబో ఫ్రేమ్స్ మీద అనుమానపడండి. పీసీలో, నాస్‌లో ఎంటీయూ 9000 పెట్టి, మధ్యలో ఉన్న స్విచ్ దాన్ని సపోర్ట్ చేయకపోతే చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, పెద్దవి దారిలోనే పడిపోతాయి. రెండు వైపులా 1500కి తెచ్చి మళ్లీ చూడండి. ఇంట్లో గిగాబిట్ నెట్‌వర్క్‌కి జంబో ఫ్రేమ్స్ వల్ల వచ్చే లాభం కూడా తక్కువే.

*పదుల జీబీలు బాగా వెళ్లి, తర్వాత ఆగుతూ సాగుతూ ఉంటే:* డిస్క్ సంగతి చూడాలి. దీని గురించి కింద చెప్తాను.

*ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే:* కేబుల్, వైఫై, లేదా డిస్క్‌కి అందే పవర్. రౌటర్‌కో, రాస్‌ప్‌బెరీ పైకో హార్డ్‌డిస్క్ తగిలిస్తే ఎక్కువసేపు రాసేటప్పుడు పవర్ చాలక డిస్క్ డిస్‌కనెక్ట్ అవుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెడితే ఈ అనుమానం తీరిపోతుంది.

నెట్‌వర్క్‌ని విడిగా టెస్ట్ చేయండి

దీనికి ఐపెర్ఫ్3 అనే ఉచిత టూల్ ఉంది. నాస్‌లో సర్వర్‌గా, ల్యాప్‌టాప్‌లో క్లయింట్‌గా రన్ చేస్తే ర్యామ్ నుంచి ర్యామ్‌కే డేటా పంపుతుంది. డిస్క్ ప్రమేయమే ఉండదు. గిగాబిట్ కేబుల్ మీద దాదాపు 940 ఎంబీపీఎస్ రావాలి. డిఫాల్ట్‌గా 10 సెకన్లే నడుస్తుంది కాబట్టి, టైమ్ పెంచి 10 నిమిషాలు నడపండి. మధ్యలో ఎక్కడైనా సున్నాకి పడితే దోషం నెట్‌వర్క్‌దే. పడకపోతే ఇక రౌటర్‌ని తిట్టడం ఆపేయొచ్చు.

94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిందంటే లింక్ 100కి పడిపోయిందన్నమాట. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. మా ఇంట్లో ఒకసారి ఎలుక కేబుల్ కొరికింది. తీగ పూర్తిగా తెగలేదు కాబట్టి లింక్ కాసేపు 1000, కాసేపు 100 అయ్యేది. మారిన ప్రతిసారీ కాపీ ఆగేది. ఇంటర్నెట్ ప్లాన్ 100 లోపే కాబట్టి బ్రౌజింగ్‌లో తేడా తెలియలేదు. నాస్ లాగ్‌లో లింక్ డౌన్, లింక్ అప్ అని వరసగా కనిపించాక కేబుల్ మార్చేశాం. 45 జీబీకి 110 ఎంబీ స్పీడ్‌లో 7 నిమిషాలు పడుతుంది, 11 ఎంబీ స్పీడ్‌లో గంట దాటుతుంది.

డిస్క్‌ని విడిగా టెస్ట్ చేయండి

నాస్‌కి యూఎస్‌బీ 3.0 పోర్ట్ ఉంటే, అదే ఫైల్‌ని ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో పెట్టి, నాస్ సొంత ఫైల్ మేనేజర్‌తో లోపలికి కాపీ చేయండి. ఇక్కడ నెట్‌వర్క్ లేదు. అయినా ఆగిందంటే సమస్య డిస్క్‌లోనే ఉంది.

అప్పుడు స్మార్ట్ రిపోర్ట్ తెరవండి. పెండింగ్ సెక్టార్లు, రీఅలొకేటెడ్ సెక్టార్లు సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే డిస్క్ పాడవుతోందని అర్థం. కాపీ సంగతి పక్కన పెట్టి, ముందు అందులో ఉన్న డేటాని బ్యాకప్ చేసుకోండి. సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే డిస్క్ కంటే ముందు డేటా కేబుల్‌ని, కనెక్టర్‌ని చూడాలి.

స్మార్ట్ అంతా శుభ్రంగా ఉండి కూడా పదుల జీబీల తర్వాత ఆగుతోందంటే అది ఎస్‌ఎంఆర్ డిస్క్ కావొచ్చు. ఇందులో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్నవి కూడా కదపాలి కదా, ఇక్కడా అంతే. అందుకే డిస్క్ కొత్త డేటాని ముందు ఒక క్యాష్ ఏరియాలో పెట్టుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. మనం ఖాళీ ఇవ్వకుండా పోస్తూ ఉంటే క్యాష్ నిండి డిస్క్ చేతులెత్తేస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన నాస్ డిస్కుల్లోనే 2 నుంచి 6 టీబీ రెడ్ మోడల్స్ కొన్నిటిలో ఎస్‌ఎంఆర్ వాడుతున్నట్టు ఒప్పుకుంది. తర్వాత సీఎంఆర్ డిస్కులకి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. కాబట్టి బాక్స్ మీద నాస్ అని ఉంటే చాలదు, కొనేముందు మోడల్ నంబర్‌తో స్పెక్ షీట్‌లో సీఎంఆర్ అని ఉందో లేదో చూడండి.

ఇప్పటికే ఎస్‌ఎంఆర్ డిస్క్ ఉంటే పారేయక్కర్లేదు. విడతలుగా కాపీ చేసి మధ్యలో గ్యాప్ ఇవ్వండి. అప్పుడప్పుడు బ్యాకప్ తీసుకోవడానికి అది పనికొస్తుంది. రెయిడ్‌లో మాత్రం పెట్టకండి, రీబిల్డ్ సమయంలో చుక్కలు చూపిస్తుంది.

ఆగినా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు

విండోస్‌లో రోబోకాపీని జెడ్ ఆప్షన్‌తో వాడితే ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది. లైనక్స్, మ్యాక్‌లలో ఆర్‌సింక్‌కి పార్షియల్ ఆప్షన్ ఇస్తే సగం వెళ్లిన ఫైల్‌ని చెరపకుండా ఉంచుతుంది. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చడం మర్చిపోవద్దు.

చివరగా, అసలు ఫైల్‌కి, నాస్‌లోని ఫైల్‌కి ఎస్‌హెచ్ఏ256 చెక్‌సమ్ తీసి పోల్చండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్‌తోనే వస్తుంది, వేరే యాప్ అక్కర్లేదు. సైజు ఒకటే అయినంత మాత్రాన లోపలి డేటా ఒకటే అని కాదు. రెండు చెక్‌సమ్‌లూ అక్షరం పొల్లుపోకుండా కలిశాకే మెమరీ కార్డు ఫార్మాట్ చేయండి.