రెండు ‘పైరు’లు... ఏది అసలు?

గుంటూరు మిర్చియార్డులో టిక్కీ విప్పగానే వ్యాపారి ఏం చేస్తాడు? గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు. కంప్యూటర్‌లో ఫైళ్లను దాచిపెట్టే ఏర్పాటుకీ- దాన్నే ‘ఫైల్ సిస్టమ్’ అంటారు- ఇలాంటి పరీక్షే ఉంది. కాకపోతే ఆ పని చేసేవి స్క్రిప్టులనే చిన్న ప్రోగ్రాములు. ఓ ఫైలు సృష్టించి, పేరు మార్చి, చెరిపేసి... అన్నీ చెప్పినట్టే జరిగాయా అని చూస్తాయి. చిక్కల్లా ఒక్కటే. లినక్స్‌లో ‘పాస్’ అన్న స్క్రిప్టు మ్యాక్‌లోనో విండోస్‌లోనో ‘ఫెయిల్’ అంటుంది. తప్పు ఫైల్ సిస్టమ్‌దా, పరీక్షదా?

ఓ కోల్డ్ స్టోరేజీ గుమాస్తా లినక్స్ కంప్యూటర్‌లో ‘తేజ’ అని రెండు ఫైళ్లు పెట్టుకున్నాడనుకోండి. ఇంగ్లిష్‌లో ఒకటి పెద్దక్షరంతో, ఇంకొకటి అన్నీ చిన్నక్షరాలతో. లినక్స్‌కి అవి రెండు. మామూలు విండోస్‌కి ఒకటే! అక్కడికి కాపీ చేసేటప్పుడు ‘పాతది తీసెయ్యనా’ అని అడిగితే ‘సరే’ అన్నాడో... ఎవరి టిక్కీలు ఎన్నో చెప్పే ఓ చిట్టా గల్లంతే.

తెలుగులో పెద్దా చిన్నా అక్షరాల్లేవు కదా అని సంబరపడకండి. ‘పైరు’ అన్న మాటే తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలీదు. యాపిల్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, ఐత్వాన్ని విడగొట్టి దాచేది. లినక్స్ ఎలా ఇస్తే అలాగే ఉంచుతుంది. అందుకే అక్కడ ఒకే ఫోల్డర్‌లో రెండు ‘పైరు’లు పక్కపక్కనే కూర్చోగలవు! 2017లో మ్యాక్‌లకు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పేరును మార్చదుగానీ రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. ఇచ్చిన పేరే అక్షరం పొల్లుపోకుండా తిరిగిరావాలని పట్టుబట్టే స్క్రిప్టు, పాత మ్యాక్‌లో ‘ఫైలు పోయింది’ అని గగ్గోలు పెడుతుంది. నిజానికి ఏమీ పోలేదు.

మరి ఏం చేయాలి? సొలారిస్‌లోని జడ్‌ఎఫ్‌ఎస్‌ను 2007లో ఫ్రీబీఎస్‌డీకి తెచ్చిన పావెల్ జాకబ్ దావిదెక్ రాసిన పరీక్షల మూట ‘పీజేడీఎఫ్‌ఎస్‌టెస్ట్’లో కిటుకు తేలికే. ఇది ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ఫైల్ సిస్టమ్ అని స్క్రిప్టు ముందే వాకబు చేస్తుంది. అక్కడ లేని సదుపాయానికి సంబంధించిన పరీక్షను వదిలేస్తుంది. లేనిదాన్ని ‘ఫెయిల్’ అనడం అన్యాయం కదా! ఎస్‌జీఐ కంపెనీ ఐరిక్స్ కోసం మొదలైన ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్’ కూడా తర్వాత లినక్స్‌కి వలస వచ్చి, ఇప్పుడు అక్కడి రకరకాల ఫైల్ సిస్టమ్‌లను పరీక్షిస్తోంది.

కమాండ్లదీ అదే గోల. ఫైలు సైజు తెలుసుకోవడానికి మ్యాక్‌లో ‘స్టాట్’కు ‘ఎఫ్’ ఆప్షన్ తగిలిస్తారు. లినక్స్‌లో అదే ‘ఎఫ్’ పెడితే ఫైలు సంగతి మానేసి మొత్తం ఫైల్ సిస్టమ్ జాతకం చెబుతుంది. అన్నిచోట్లా ఉండే ‘డబ్ల్యూసీ’తో బైట్లు లెక్కపెట్టించుకుంటే ఆ తంటా ఉండదు.

అన్నిటికన్నా తమాషా పెన్‌డ్రైవ్‌లది. వాటిలో వాడే ఫ్యాట్32, ఫైలు మార్చిన వేళను రెండు సెకన్ల లెక్కన రాసుకుంటుంది. వెంటవెంటనే రెండుసార్లు మార్చి ‘టైము మారిందా’ అంటే మారలేదనొచ్చు. కాబట్టి స్క్రిప్టు మధ్యలో రెండు సెకన్లు కునుకు తీయాల్సిందే.